ఉందా, లేదా... తేల్చి చెప్పే కొలువు

పాత గనుల దగ్గర బంగారం, వెండి, రాగి కోసం మళ్లీ అన్వేషణ ఊపందుకుంటోంది. అదృష్టం మీద కాకుండా ఆధారాల మీద నడిచే ఈ రంగంలో జియాలజీ విద్యార్థులకే కాదు, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివినవాళ్లకూ చోటుంది. ఇంతకీ అక్కడ చేసే పనేంటి? అది మీకు నప్పుతుందా?

తొలకరి పడిందంటే చాలు, కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలోని జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో జనం కనిపిస్తారు. సద్దిమూటలు కట్టుకుని, పిల్లాపాపలతో సహా వచ్చి, తలొంచుకుని నేలంతా వెతుకుతారు. వానకు మట్టి కొట్టుకుపోయి వజ్రం బయటపడుతుందని ఆశ. ఎవరో ఒకరికి దొరుకుతుంది కూడా. ఆ వార్త పేపర్లో వస్తుంది. నాలుగు రోజులు వెతికి వట్టి చేతులతో బస్సెక్కినవాళ్ల సంగతి ఎక్కడా రాదు.

అదే జొన్నగిరి నేలలో బంగారం కూడా ఉంది. దాన్ని మాత్రం అలా ఏరుకోలేరు. చాలావరకు అది కంటికి ఆనేంత ముక్కల్లో ఉండదు. టన్ను రాయిలో కొన్ని గ్రాముల లెక్కన కలిసిపోయి ఉంటుంది. మ్యాపులు గీసి, కందకాలు తవ్వి, రంధ్రాలు వేసి, వేల నమూనాలు ల్యాబులో పరీక్షించాకే అక్కడ గని పెట్టొచ్చన్న నిర్ణయానికి వచ్చారు. ఇప్పుడు అక్కడ ఒక ప్రైవేటు గని నిలబడిందంటే వెనక ఏళ్ల తరబడి సాగిన ఆ పనే కారణం.

చేలో వెతికేవాళ్లకూ జియాలజిస్టుకూ తేడా ఇక్కడే ఉంది. వాళ్లు దొరకాలని వెతుకుతారు. జియాలజిస్టు ఉందో లేదో తేల్చడానికి వెతుకుతారు. 'ఇక్కడ లేదు' అని ఆధారాలతో రాసిచ్చిన రోజున కూడా ఆ పని పూర్తయినట్టే, జీతం వచ్చినట్టే. ఈ తేడా నచ్చితే మిగతాది చదవండి. మీ కోసమే.

వాళ్లు ఎందుకు ఆపేశారు?

కొత్త ఖనిజం కోసం పాత గనుల దగ్గరికే ఎందుకు వెళ్తారు? మన పూర్వీకుల దగ్గర యంత్రాలు లేకపోయినా చూపు గట్టిది కాబట్టి. నేలమీద పైకి కనిపించే ఖనిజాన్ని వాళ్లు దాదాపు ఎక్కడా వదల్లేదు. కర్ణాటకలోని రాయచూరు జిల్లా హట్టి, అటు కోలార్, మన రామగిరి, చిగురుగుంట... ఆధునిక బంగారు గనులు వచ్చిన చోట్ల చాలావాటిలో అంతకుముందే పాత తవ్వకాల గుంతలున్నాయి.

అశోకుడి శాసనాలకూ ఈ వెతుకులాటకూ ఒక చుట్టరికం ఉంది. జొన్నగిరికి దగ్గర్లోని ఎర్రగుడి శాసనాలను 1920ల చివర్లో గుర్తించింది ఒక జియాలజిస్టే. అప్పటి నిజాం రాజ్యంలోని మస్కిలో 1915లో అశోకుడి శాసనాన్ని గుర్తించింది బంగారు గనుల ఇంజినీరు. అశోకుడి దక్షిణ రాజధాని సువర్ణగిరి ఈ జొన్నగిరే అని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. అంతమాత్రాన పేరులో 'సువర్ణ' ఉంది కదా అని ఏ జియాలజిస్టూ డ్రిల్లింగు మొదలెట్టరు. పేరు ఒక ఆచూకీ మాత్రమే, రుజువు కాదు.

పాత గని దగ్గర నిలబడ్డప్పుడు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న 'ఇక్కడ ఏముంది' అన్నది కాదు. 'వాళ్లు ఎందుకు ఆపేశారు' అన్నది. జవాబులు మూడు రకాలుగా ఉంటాయి.

ఒకటి, సరుకు అయిపోయింది, లేదా పలచబడిపోయింది. కోలార్ సంగతి తెలుసు కదా. 3 కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్లిన గని అది. లోతు పెరిగేకొద్దీ ఖర్చు పెరిగింది, టన్నుకు వచ్చే బంగారం తగ్గింది. చివరికి 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. దాంతో పాటే భారత్ గోల్డ్ మైన్స్ చేతిలో ఉన్న మన చిత్తూరు, అనంతపురం వైపు గనులూ ఆగిపోయాయి.

రెండు, సరుకు ఉంది కానీ అందలేదు. లోపల నీరు ఊరుతుంది, గాలి ఆడదు, రాయి లొంగదు. హట్టిలో పూర్వులు రాతిని మంటపెట్టి వేడిచేసి పగలగొడుతూ వందల అడుగులు దిగారు. వాళ్లు ఆగినచోట నుంచి కింద ఇంకా బంగారం ఉంది. 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ పేరుతో మొదలైన సంస్థే ఇవాళ్టి హట్టి గోల్డ్ మైన్స్. ఇప్పటికీ అక్కడ బంగారం తీస్తూనే ఉన్నారు.

మూడు, వాళ్లకు పనికిరానిది మనకు పనికొస్తుంది. రాజస్థాన్‌లోని రాంపురా ఆగుచా దీనికి మంచి ఉదాహరణ. సీసం, వెండి కోసం ప్రాచీనులు తవ్విన గుర్తులు అక్కడున్నాయి. 1977లో రాష్ట్ర గనుల శాఖ జియాలజిస్టులు ఆ చోటును పట్టుకున్నారు. తరవాతి అన్వేషణలో తేలిందేమిటంటే, అక్కడున్న జింకు నిల్వ ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి! మన దేశంలో తయారయ్యే వెండిలో అత్యధిక భాగం ఇప్పుడు ఇలాంటి రాజస్థాన్ సీసం-జింకు గనుల నుంచి ఉప ఉత్పత్తిగా వచ్చేదే.

ఒకే రకం పాత గుంత. కానీ జవాబు మొదటిదైతే డబ్బు వృథా, రెండోదీ మూడోదీ అయితే గని. ఏ జవాబో తేల్చడమే మీ ఉద్యోగం.

పల్నాడు కొండల్లో ఒక రోజు

ఈ పని ఎలా ఉంటుందో చూడ్డానికి మన ఊళ్లకే వెళ్దాం. వినుకొండ వైపు అగ్నిగుండాల ప్రాంతం జియాలజీ విద్యార్థులకు తెలిసిన పేరు. కడప బేసిన్ తూర్పు అంచున, నల్లమలై శ్రేణి రాళ్లలో ఇక్కడ నల్లకొండ వైపు రాగి, బండ్లమోటు దగ్గర సీసం ఉన్నాయి. పాత తవ్వకాల ఆనవాళ్లున్న చోటు ఇది. బండ్లమోటులో ప్రభుత్వ రంగ సంస్థగా ఉన్న రోజుల నుంచీ హిందుస్థాన్ జింక్ సీసం తీసి, తరవాత గని మూసేసింది.

ఇలాంటి చోట సర్వేకు మీరు వెళ్లారనుకోండి. చేతిలో సుత్తి, మెడలో పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, జేబులో నోట్‌బుక్, జీపీఎస్. సర్వే ఆఫ్ ఇండియా టోపో షీటూ, జియోలాజికల్ సర్వే మ్యాపూ ముందే చదివి ఉంటారు. కొండ ఎక్కుతుంటే కళ్లు వెతకాల్సినవి ఇవి.

రాగి చెంబును తోమకుండా వదిలేస్తే పచ్చగా చిలుము పడుతుంది కదా. రాగి ఖనిజం బయటి గాలికి, నీటికి మారినప్పుడు రాతి మీద కూడా అలాంటి పచ్చదనమే వస్తుంది. దాన్ని మాలకైట్ అంటారు. కిలోమీటరు దూరం నడిచి అలసిపోయినప్పుడు, గోధుమ రంగు బండమీద అరచేయంత పచ్చమచ్చ కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. ఇక ఇనుము తుప్పు పట్టినట్టు ఎర్రగా, గుల్లగా ఉన్న రాతి టోపీ కనిపిస్తే, కింద గంధకంతో కలిసిన ఖనిజాలు ఉండొచ్చన్న సూచన. పలుగురాతి చారలు, పాత గుంతల పక్కన పోసిన రాళ్ల కుప్పలు, లోహం కరిగించాక పారేసిన చిట్టెం... వీటిలో ఏది కనిపించినా ఆగాలి. ఫొటో తీయాలి. స్థలం రాసుకోవాలి. నమూనా తీసి సంచిలో వేసి, నంబరు రాయాలి.

వెండి కోసం వెండిలా మెరిసేదాన్ని వెతికితే దొరకదు. గెలీనా అనే సీసపు ఖనిజంలో అది దాక్కుని ఉంటుంది. చేతిలోకి తీసుకుంటేనే బరువుగా ఉండి, పగిలితే చిన్న చిన్న ఘనాలుగా విడిపోయేది గెలీనా. అందులో వెండి ఎంతుందో చెప్పేది ల్యాబు మాత్రమే.

బంగారం విషయంలో అందరూ ఒక్కసారైనా మోసపోయేది పైరైట్ దగ్గర. పసుపుపచ్చగా మెరుస్తుంది. చిన్న పరీక్ష చాలు. మెరుగులేని పింగాణీ పలక మీద రుద్దితే బంగారం పసుపు గీత గీస్తుంది, పైరైట్ ఆకుపచ్చ కలిసిన నలుపు గీత గీస్తుంది. సుత్తితో కొడితే బంగారం సాగుతుంది, పైరైట్ పొడవుతుంది. కంసాలి గీటురాయి మీద నగను గీసి చూసే పద్ధతికి ఇది దగ్గర బంధువే.

వాగుల్లో ఇసుకను పళ్లెంలో వేసి నీళ్లతో తిప్పి కడగడాన్ని ప్యానింగ్ అంటారు. బంగారం పలుగురాయి కంటే సుమారు ఏడు రెట్లు బరువు. అందుకే తేలిక ఇసుక కొట్టుకుపోయి బంగారం రేణువులు అడుగున మిగులుతాయి. ఏ వాగులో రేణువులు కనిపిస్తే ఆ వాగు పైకి నడుస్తూ, ఎక్కడ ఆగిపోతున్నాయో చూసుకుంటూ వెళ్తే అసలు రాయి ఎటుందో దిక్కు తెలుస్తుంది.

భూమి లోపలికి చూసే చూపు

పైన కనిపించింది పైనే ఉండిపోవచ్చు. కిందికి ఎంతవరకు వెళ్లిందో తెలియాలి. ఇక్కడే ఫిజిక్స్ వాళ్లు రంగంలోకి దిగుతారు. నేలలోకి కరెంటు పంపి, ఆపేశాక కూడా ఎంతసేపు ఆవేశం మిగిలిందో కొలుస్తారు. రాగి, సీసం లాంటి ఖనిజాలు రాతిలో చల్లినట్టు ఉంటే ఆ ఆవేశం నెమ్మదిగా తగ్గుతుంది. దీన్ని ఇండ్యూస్డ్ పోలరైజేషన్ సర్వే అంటారు. అయస్కాంత సర్వే, విద్యుదయస్కాంత సర్వే కూడా ఉంటాయి. ఇవేవీ 'ఇక్కడ రాగి ఉంది' అని చెప్పవు. 'ఇక్కడ చుట్టుపక్కల కంటే తేడాగా ఉంది' అని మాత్రమే చెప్తాయి. ఆ తేడా పనికిమాలిన గ్రాఫైట్ వల్ల కూడా రావచ్చు.

ఆ అనుమానం తీర్చేది డ్రిల్లింగు. వజ్రపు పొడి పొదిగిన బిట్‌తో రాతిని గుండ్రంగా కోసి, చెరకు గడలాంటి రాతి ముక్కను పైకి తీస్తారు. దాన్ని కోర్ అంటారు. ఎక్కువగా వాడే ఎన్‌క్యూ సైజు కోర్ వ్యాసం 4.76 సెంటీమీటర్లు. ఈ ముక్కలను పెట్టెల్లో వరసగా పేర్చి, ప్రతి మీటరులో ఏ రాయి, ఏ రంగు, ఎన్ని పగుళ్లు, ఏ ఖనిజం అని రాసుకుంటూ పోవాలి. కొత్తగా చేరిన జియాలజిస్టు మొదటి రెండేళ్లు ఎక్కువగా చేసేది ఈ కోర్ లాగింగే. రోజంతా రేకుల షెడ్డు కింద రాళ్లతో గడిపే పని. ఓపిక లేనివాళ్లు వారానికే విసిగిపోతారు.

0.1 మిల్లీగ్రాము కథ

ఈ పనిలో ఎంత జాగ్రత్త కావాలో ఒక చిన్న లెక్కతో చూద్దాం. టన్నుకు 2 గ్రాముల బంగారం ఉన్న రాయి అనుకుందాం. పది టన్నుల లారీ నింపితే అందులో బంగారం 20 గ్రాములు, అంటే రెండున్నర కాసులు. అది కూడా మొత్తం బయటికి వస్తే.

ఇప్పుడు ల్యాబుకు వెళ్దాం. నమూనాను పిండిలా రుబ్బి అందులోంచి 50 గ్రాములు తీసి పరీక్షిస్తారు. ఆ 50 గ్రాముల్లో ఉండే బంగారం 0.1 మిల్లీగ్రాము. ఆ పిండిలో మీ ఉంగరం నుంచి రాలిన 0.1 మిల్లీగ్రాము రజను పడిందంటే ఫలితం 2 నుంచి 4 గ్రాములకు వెళ్లిపోతుంది. పనికిరాని రాయి గనిలా కనిపిస్తుంది! అందుకే నమూనాలు ముట్టుకునే చోట ఉంగరాలు, గొలుసులు, గాజులు తీసేయాలన్న నియమం ఉంటుంది. ఇంట్లో వాళ్లు బాధపడినా సరే, ఫీల్డుకు వెళ్లేటప్పుడు బంగారం ఇంట్లోనే.

పొరపాటుకే ఇంత ప్రమాదం ఉంటే, కావాలని చేస్తే? 1990ల్లో జరిగిన బ్రె-ఎక్స్ వ్యవహారం ప్రపంచంలో ఈ రంగం తెలిసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. కెనడాకు చెందిన బ్రె-ఎక్స్ కంపెనీ ఇండోనేసియా అడవుల్లోని బుసాంగ్ దగ్గర భారీ బంగారు నిల్వ దొరికిందని ప్రకటించింది. షేర్లు ఆకాశానికి వెళ్లాయి. 1997లో స్వతంత్ర పరీక్ష చేస్తే అక్కడ చెప్పుకోదగ్గ బంగారమే లేదని తేలింది. నమూనాల్లో బయటి నుంచి తెచ్చిన బంగారం కలిపారు. ఎందరో మామూలు మదుపరుల సొమ్ము ఆవిరైపోయింది.

అంతకాలం ఎలా దాగింది? మామూలుగా కోర్‌ను నిలువునా రెండుగా కోసి, సగం ల్యాబుకు పంపి, సగం పెట్టెలో దాస్తారు. అనుమానం వస్తే ఆ రెండో సగాన్ని మళ్లీ పరీక్షించొచ్చు. అక్కడ మాత్రం కోర్ దాదాపు మొత్తం రుబ్బేసేవారు. సరిచూసుకోవడానికి ఏదీ మిగల్లేదు. ఆ దెబ్బతో కెనడా నిబంధనలు కఠినం చేసింది. అర్హత, అనుభవం ఉన్న నిపుణులు తమ పేరు మీద బాధ్యత తీసుకుంటేనే నిల్వల లెక్కలు బయటికి చెప్పాలంది.

ఇవాళ మంచి సంస్థల్లో నమూనాల వరస మధ్యలో బంగారమే లేదని తెలిసిన ఖాళీ రాయినీ, ఎంతుందో ముందే తెలిసిన ప్రామాణిక నమూనానూ, ఒకే నమూనాకు జంటనూ ల్యాబుకు చెప్పకుండా కలిపి పంపుతారు. ఖాళీ రాయిలో బంగారం ఉందని రిపోర్టు వస్తే ఎక్కడో తప్పు జరిగినట్టే. ఈ విషయాన్ని ఇంటర్వ్యూలో మీ మాటల్లో వివరించగలిగితే, బోర్డులో వాళ్లు కుర్చీలో కాస్త ముందుకు వంగి వింటారు.

ఊరి మాట, కాగితం మాట

డ్రిల్లింగు యంత్రం ఊళ్లోకి వచ్చిందంటే 'మన ఊళ్లో బంగారం పడిందంట' అన్న మాట సాయంత్రానికల్లా టీకొట్టు దగ్గర తిరుగుతుంది. భూముల ధరలు పెంచి చెప్పేవాళ్లొకరు, పొలం పోతుందని భయపడేవాళ్లొకరు. నమూనాలు ఇంకా ల్యాబుకే చేరి ఉండవు. అప్పుడు మిమ్మల్ని ఊరి పెద్దాయన ఆపి, "ఏం బాబూ, ఉందా?" అని అడుగుతాడు. నోరు జారితే ఆ ఊరి మీద పడే భారం చిన్నది కాదు. "ఇంకా తేలలేదు తాతా, తేలాక ప్రభుత్వమే చెప్తుంది" అనడమే సరైన జవాబు. సాంకేతిక జ్ఞానంతో సమానంగా ఈ నిగ్రహం కూడా ఈ ఉద్యోగానికి అర్హతే.

అందుకే ఎవరు ఎంతవరకు చెప్పొచ్చన్నదానికి మెట్లున్నాయి. మన దేశంలో అన్వేషణను జీ4, జీ3, జీ2, జీ1 అని నాలుగు దశలుగా విభజించారు. జీ4 అంటే తొలి పరిశీలన. జీ1 అంటే గని పెట్టడానికి సరిపడా వివరమైన అన్వేషణ. పేపర్లో 'బంగారం నిల్వలు గుర్తింపు' అన్న వార్త చదివినప్పుడు, అది ఏ దశలోని మాటో చూడండి. జీ4లో ఉన్నవన్నీ గనులు కావు. వాటిలో ఎక్కువ భాగం మధ్యలోనే 'లేదు' దగ్గర ఆగిపోతాయి.

ఒక హెచ్చరిక. ఇది చదివి స్నేహితులతో కలిసి పాత గనిలో దిగకండి. లోపల ప్రాణవాయువు తక్కువ ఉండొచ్చు, కప్పు కూలొచ్చు, నీరు నిండిన గొయ్యి చీకట్లో కనిపించదు. గుప్తనిధులంటూ తవ్వే ముఠాల జోలికి అసలే పోవద్దు. గనులు, ఖనిజాల చట్టం 1957 ప్రకారం అనుమతి లేకుండా అన్వేషణ, తవ్వకం చేయడం నేరం. ఐదేళ్ల వరకు జైలు పడొచ్చు. పోలీసు కేసు ఉంటే ప్రభుత్వ ఉద్యోగం ఆశ వదులుకోవాల్సి రావచ్చు.

ఏం చదవాలి, ఎక్కడ చేరాలి?

డిగ్రీలో జియాలజీ ఒక సబ్జెక్టుగా చదివి ఎమ్మెస్సీకి వెళ్లడం రాచబాట. విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ, జియోఫిజిక్స్ రెండూ ఉన్నాయి. ఉస్మానియాలో జియాలజీతో పాటు జియోఫిజిక్స్, అప్లయిడ్ జియోకెమిస్ట్రీ ఉన్నాయి. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో జియాలజీ ఉంది. ఐఐటీల్లో ఎమ్మెస్సీ చేయాలంటే ఐఐటీ జామ్‌లో జియాలజీ పేపరు రాయాలి. ధన్‌బాద్ ఐఐటీ ఈ రంగానికి పుట్టినిల్లు లాంటిది. మైనింగ్ ఇంజినీరింగ్ వైపు వెళ్లేవాళ్లకు కొత్తగూడెం దగ్గర్లోనే ఉంది.

పెద్ద పరీక్ష యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ జియో-సైంటిస్ట్. 1851లో మొదలైన జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో జియాలజిస్టు, జియోఫిజిసిస్టు, కెమిస్టు పోస్టులు దీని ద్వారానే భర్తీ అవుతాయి. ప్రిలిమ్స్ 400 మార్కులు, మెయిన్స్ 600, ఇంటర్వ్యూ 200. వయసు 21 నుంచి 32 ఏళ్లు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. ఇది గ్రూప్-ఏ ఉద్యోగం, మూల వేతనం రూ.56,100 నుంచి మొదలవుతుంది. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. కెమిస్టు పోస్టుకు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, జియోఫిజిసిస్టు పోస్టుకు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసినవాళ్లు కూడా అర్హులే. లెక్చరర్ పోస్టు లేదా ఫార్మా కంపెనీ అని రెండే దారులు చూసుకుంటున్న ఎమ్మెస్సీ విద్యార్థులు ఈ మూడోదాన్నీ చూడాలి. దరఖాస్తుకు ముందు తాజా నోటిఫికేషన్‌లో అర్హతలు ఒకసారి సరిచూసుకోండి.

ఇవి కాక అణు ఖనిజాల అన్వేషణ సంస్థ ఏఎండీ, ఎన్ఎండీసీ రెండింటి ప్రధాన కార్యాలయాలూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. డ్రిల్లింగు, అన్వేషణ చేసే ప్రభుత్వ సంస్థ ఎంఈసీఎల్ నాగ్‌పూర్‌లో ఉంది. హిందుస్థాన్ కాపర్, హట్టి, సింగరేణి కూడా జియాలజిస్టులను తీసుకుంటాయి. ప్రైవేటు రంగంలో ఇప్పుడు కదలిక ఎక్కువ. 2023లో చట్టం సవరించి బంగారం, వెండి, రాగి సహా 29 ఖనిజాలకు 'అన్వేషణ లైసెన్సు' తెచ్చారు. గని పెట్టే స్తోమత లేకపోయినా, వెతికే నైపుణ్యం ఉన్న కంపెనీలు ముందుకు రావడానికే ఈ ఏర్పాటు. గుర్తింపు పొందిన ప్రైవేటు అన్వేషణ సంస్థలు కాంట్రాక్టు మీద ఫీల్డ్ జియాలజిస్టులను పెట్టుకుంటున్నాయి.

పీజీ చదవనివాళ్లకూ పని ఉంది. డ్రిల్లింగు రిగ్గు నడిపేవాళ్లు, యంత్రాల మెకానిక్కులు, సర్వేయర్లు, నమూనాలు సిద్ధం చేసే ల్యాబ్ టెక్నీషియన్లు లేకుండా ఏ అన్వేషణా కదలదు. ఐటీఐ, డిప్లొమా వాళ్లు ఇటూ చూడొచ్చు. ఇక అమ్మాయిలకు ఇది కుదరదన్న మాట పాతబడింది. సాంకేతిక, పర్యవేక్షణ బాధ్యతల్లో మహిళలు భూగర్భ గనుల్లో పగటిపూట పనిచేయడానికి 2019లోనే కేంద్రం దారి తెరిచింది.

తీపితో పాటు చేదు కూడా

ఈ ఉద్యోగం అందరికీ కాదు. నెలలో సగం రోజులు క్యాంపులో ఉండాలి. రాయలసీమ ఎండలో మధ్యాహ్నం నడవాలి, తేళ్లతో, పాములతో సర్దుకోవాలి. ఫోను సిగ్నలు ఉండదు. పండక్కి ఇంటికి రాలేకపోవచ్చు. లోహాల ధరలు పడిపోతే ప్రైవేటు కంపెనీలు ముందుగా తగ్గించేది అన్వేషణ ఖర్చునే, అంటే మీ కాంట్రాక్టునే. కాబట్టి మొదటి మూడేళ్లలో ఒక్క పనికే అతుక్కుపోకుండా లాగింగు, మ్యాపింగు, నమూనాల నాణ్యత, నిల్వల లెక్కింపు... అన్నీ నేర్చుకోవాలి. సర్ప్యాక్, డేటామైన్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఒకటి చేతికొస్తే భూగర్భ జలాలు, సొరంగాలు, సిమెంటు, బొగ్గు రంగాల వైపు కూడా తలుపులు తెరుచుకుంటాయి.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. ఖర్చేమీ లేదు. జియోలాజికల్ సర్వే వారి 'భూకోశ్' పోర్టల్‌లో మీ జిల్లా భూగర్భ పటం చూడండి. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని మీ మండలం మ్యాపు మీరే గీయండి. మీ జిల్లాలో పాత తవ్వకం ఏదైనా ఉంటే దాని గురించి ప్రచురితమైన నివేదికలు చదివి, రెండు పేజీలు రాయండి. వాళ్లు ఎందుకు ఆపేశారు? కింద ఇంకా ఉండొచ్చు అనడానికి ఆధారమేంటి? నా అంచనా తప్పు అని తేలాలంటే ఏ పరీక్ష చేయాలి? ఈ మూడో ప్రశ్నకు జవాబు రాయగలిగితే సగం జియాలజిస్టు అయినట్టే. ఆ రెండు పేజీలను ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి.

తొలకరికి జొన్నగిరి చేలల్లో జనం మళ్లీ వస్తారు. వాళ్ల ఆశను తప్పుపట్టక్కర్లేదు. కానీ మీ భవిష్యత్తును ఒక వాన మీద, ఒక మెరుపు మీద పెట్టుకోకండి. నేలను చదవడం నేర్చుకోండి. అక్కడ ఉంటే ఉందని, లేకపోతే లేదని ధైర్యంగా సంతకం పెట్టగల మనిషి కోసం ఈ రంగం ఎదురుచూస్తోంది.